నౌకాయానంలో జనన ధ్రువీకరణ పత్రం

సముద్ర ప్రయాణానికి జనన ధ్రువీకరణ పత్రం సరిపోతుందా లేదా అన్నది మూడు విషయాలను బట్టి తేలుతుంది: ఓడ దేశం హద్దు దాటుతుందా, ప్రయాణికుడు ఏ దేశ పౌరుడు, అతని వయసెంత. అమెరికా పౌరులు కొన్ని రకాల క్రూయిజ్‌లకు పాస్‌పోర్టు లేకుండా ఈ పత్రంతోనే వెళ్ళి రావచ్చు. భారత పౌరులకు అలాంటి సౌలభ్యం లేదు. మన దేశంలో ఈ కాగితం పాస్‌పోర్టుకు మూలాధారం, పసిపిల్లల వయసుకు రుజువు. సరిహద్దు దగ్గర చూపే ప్రయాణ పత్రం మాత్రం కాదు.

కృష్ణా డెల్టా దిగువ భాగంలో మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలకు ఈ విషయంతో రెండు వైపుల నుంచి సంబంధం ఉంది. గిలకలదిండి హార్బరు నుంచి వేటకు వెళ్ళే మత్స్యకారులు పాస్‌పోర్టు లేకుండానే రోజుల తరబడి సముద్రం మీద ఉంటారు. ఇదే ప్రాంతం నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడిన కుటుంబాల్లో తల్లిదండ్రులది భారత పాస్‌పోర్టు, అక్కడ పుట్టిన పిల్లలది అమెరికా పౌరసత్వం. ఒకే ఓడ ఎక్కే ఒకే కుటుంబంలో ఒక్కొక్కరు ఒక్కో రకం కాగితం చూపాల్సి వస్తుంది.

చారిత్రక నేపథ్యం

సముద్రం మీద మొదట అనుమతి పత్రం ఓడకు ఉండేది, మనిషికి కాదు. 16వ శతాబ్దంలో హిందూ మహాసముద్రంలో తిరిగే వర్తక నౌకలు ‘కర్తాజ్’ అనే అనుమతి పత్రం తీసుకోవాలని పోర్చుగీసులు శాసించారు. అది లేని ఓడను పట్టుకుని సరుకు స్వాధీనం చేసుకునేవారు. గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవైన మచిలీపట్నం నుంచి పెగూ, ఆచే, మోఖా వంటి రేవులకు వెళ్ళే నౌకలకూ ఈ బెడద ఉండేది. 1605 తర్వాత డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు బందరు (మచిలీపట్నం) చేరాక అనుమతి చీటీలు ఇచ్చే చేతులు మారాయి గాని పద్ధతి సాగింది. చీటీలో ఓడ, నాయకుడు, గమ్యం వంటి వివరాలు ఉండేవి. ఓడలోని ఒక్కొక్క మనిషి ఎక్కడ పుట్టాడన్నది ఎవరూ అడగలేదు.

మనిషికి విడిగా కాగితం పుట్టింది కూలీల వలసతో. 1834 నుంచి మారిషస్‌కు, 1860 నుంచి నేటాల్‌కు ఒప్పంద కూలీలను తీసుకువెళ్ళారు. మద్రాసు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ నౌక 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో కోస్తా జిల్లాల తెలుగువారు చాలామంది ఈ దారిన వెళ్ళారు. ఓడ ఎక్కేముందు రాసిన జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా, ఒంటి మీద గుర్తులు ఉండేవి. వయసును చాలావరకు అంచనాగానే వేసేవారు. పుట్టిన తేదీకి రుజువు లేదు, అడిగినవారూ లేరు.

బర్మా ప్రయాణం వేరు. 1937 ఏప్రిల్ 1 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి కోస్తా రేవుల నుంచి రంగూన్ వెళ్ళడం దేశంలోపలి ప్రయాణం కిందే లెక్క. విడిపోయిన తర్వాత, 1941లో కుదిరిన భారత-బర్మా వలస ఒప్పందం ఈ దారి మీద పాస్‌పోర్టు, అనుమతి నిబంధనలు తెచ్చింది. అవి కుదురుకోకముందే జపాను దాడి మొదలై రాకపోకలే తలకిందులయ్యాయి. భారతదేశంలో పాస్‌పోర్టులకు ఇప్పుడు ఆధారం 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం.

జనన నమోదు

మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల నమోదుకు 1899లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఊళ్ళలో ఈ లెక్కలు రాసే పని గ్రామాధికారులది. నమోదు సగం సగంగానే సాగేది. బడిలో వేసేటప్పుడు పంతులుగారు రాసిన తేదీయే చాలామందికి జీవితాంతం పుట్టినతేదీ అయింది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టనపెట్టుకుంది. ఇళ్ళు పోయినచోట కాగితాలూ పోయాయి. ఆ తరం వాళ్ళు తమ వయసును ఉప్పెనకు ముందు, తర్వాత అని చెప్పుకోవడం ఇక్కడ మామూలే.

దేశమంతటికీ ఒకే చట్టం 1969లో వచ్చింది. జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఆసుపత్రిలో కాన్పయితే సమాచారం ఇచ్చే బాధ్యత ఆసుపత్రిదే. 30 రోజుల్లోపు అయితే ఆలస్య రుసుం, ఏడాదిలోపు అయితే అధికారి లిఖితపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే గతంలో మేజిస్ట్రేటు కోర్టు ఉత్తర్వు అవసరమయ్యేది. 2023 సవరణ తర్వాత ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, వారు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు వచ్చింది. ఈ ప్రాంతంలో అలాంటి అర్జీలు మచిలీపట్నం, గుడివాడ వంటి చోట్ల ఆర్డీవో కార్యాలయాలకు చేరతాయి.

నమోదు తల్లి ఊరిలో కాక బిడ్డ పుట్టిన చోట జరుగుతుంది. నాగాయలంక మండలంలోని లంక గ్రామం నుంచి వచ్చి బందరు ఆసుపత్రిలో ప్రసవించిన తల్లి బిడ్డకు పత్రం ఇచ్చేది మచిలీపట్నం నగరపాలక సంస్థ. సొంత ఊరి పంచాయతీలో వెతికితే అది దొరకదు. ఇప్పుడు పత్రం కోసం మీసేవ కేంద్రానికో, గ్రామ, వార్డు సచివాలయానికో వెళ్ళవచ్చు.

పడవలో పుట్టిన బిడ్డ

ప్రయాణంలో కాన్పయితే ఏం చేయాలో చట్టం కింది నిబంధనలు చెబుతున్నాయి. వాహనం నడిపే బాధ్యత ఉన్న వ్యక్తి, బండి మొదట ఆగిన చోట జననం నమోదయ్యేలా సమాచారం ఇవ్వాలి. వాహనం అంటే నేల, నీరు, గాలి ఈ మూడింటిలో దేని మీద నడిచేదైనా సరే. నిబంధనలోని వివరణలో విమానం, ఓడ, రైలుపెట్టెతో పాటు పడవ, ఎడ్లబండి, రిక్షా కూడా ఉన్నాయి. ఎదురుమొండి, ఈలచెట్లదిబ్బ లాంటి దీవుల నుంచి గర్భిణులను కృష్ణ పాయ దాటించాల్సిన దివిసీమలో ఇది పుస్తకానికే పరిమితమైన మాట కాదు. పడవ నడిపేవాడు ఒడ్డు చేరాక కబురు చెప్పడం చట్టరీత్యా అతని విధి.

భారతీయ నౌకల్లో పుట్టిన బిడ్డ వివరాన్ని నౌకాధిపతి ఓడ అధికారిక దినచర్య పుస్తకంలో రాయాలి. విదేశంలో పుట్టిన భారతీయుల పిల్లల జననాన్ని అక్కడి భారత కాన్సులేటులో నమోదు చేయవచ్చు. తల్లిదండ్రులు స్థిరపడేందుకు స్వదేశం తిరిగివస్తే, బిడ్డ భారతదేశం చేరిన 60 రోజుల్లోగా ఇక్కడా నమోదు చేయించుకునే వీలుంది.

దేశంలోపలి క్రూయిజ్‌లు

కృష్ణా జిల్లా తీరంలో ఇప్పటికి క్రూయిజ్ నౌక ఆగే రేవు లేదు. గిలకలదిండి చేపల హార్బరు. దాన్ని విస్తరించే పనులకు 2020 నవంబరు 21న శంకుస్థాపన జరిగింది. మంగినపూడి దిశగా కడుతున్న మచిలీపట్నం పోర్టు ప్రధానంగా సరుకు రవాణాకు ఉద్దేశించింది. క్రూయిజ్ ఎక్కదలచిన బందరువాసికి దగ్గరి రేవులు విశాఖపట్నం, చెన్నై. 2022 జూన్‌లో కార్డేలియా సంస్థ ‘ఎంప్రెస్’ నౌక విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు నడిచింది. విశాఖ అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది.

ఓడ భారత రేవుల మధ్యనే తిరిగితే ప్రయాణికులు సరిహద్దు దాటినట్టు కాదు. పెద్దలు ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు వంటి ప్రభుత్వ ఫొటో గుర్తింపు ఏదో ఒకటి చూపితే చాలు. ఫొటో గుర్తింపు లేని పసిపిల్లల వయసు నిర్ధారణకు జనన ధ్రువీకరణ పత్రం అడుగుతారు. విశాఖ నుంచి అండమాన్ దీవులకు రెండు రోజులకు పైగా సాగే ప్రయాణికుల ఓడ కూడా దేశంలోపలి ప్రయాణమే. అండమాన్‌లో తెలుగువారు గణనీయంగా ఉండడంతో ఆ ఓడ విహారం కంటే బంధువుల రాకపోకలకే ఎక్కువగా పనికొస్తోంది.

క్రూయిజ్ ఓడ శ్రీలంక వైపు తిరిగితే లెక్క మారుతుంది. 2023 జూన్‌లో చెన్నై నుంచి శ్రీలంకకు మొదలైన క్రూయిజ్‌కైనా, అదే ఏడాది అక్టోబరులో ప్రారంభమైన నాగపట్నం-కాంకేసంతురై ఫెర్రీకైనా చంటిబిడ్డతో సహా ప్రతి ఒక్కరికీ పాస్‌పోర్టు ఉండాలి. పొరుగు దేశాల్లో నేపాల్, భూటాన్ మినహాయింపు. అక్కడికి భారతీయులు ఓటరు కార్డుతో వెళ్ళవచ్చు. తల్లిదండ్రులతో వెళ్ళే మైనరు పిల్లల విషయంలో పాస్‌పోర్టుకు బదులు జనన ధ్రువీకరణ పత్రాన్ని భూటాన్ ఒప్పుకుంటుంది. భారత పౌరులకు ఈ పత్రం సరిహద్దు దాటించే అరుదైన సందర్భం ఇది. సముద్రం లేని భూటాన్‌కు ఓడ ప్రయాణం లేదన్నది వేరే సంగతి.

పాస్‌పోర్టుకు ఆధారం

భారతదేశంలో ఈ పత్రానికి ప్రధాన ప్రయాణ ప్రయోజనం పాస్‌పోర్టు దరఖాస్తులోనే. 1989 జనవరి 26న గాని, ఆ తర్వాత గాని పుట్టినవారు జనన ధ్రువీకరణ పత్రం తప్పక ఇవ్వాలన్న నిబంధన చాలాకాలం నడిచింది. నమోదు సరిగా లేని పల్లెల్లో ఇది పెద్ద ఇబ్బందిగా మారింది. 2016 డిసెంబరులో ఆ పట్టు సడలించి పదో తరగతి సర్టిఫికెట్, పాన్ కార్డు, ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, ఎల్ఐసీ పాలసీ బాండు వంటివాటినీ పుట్టినతేదీ రుజువుగా అనుమతించారు.

2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన నమోదు చట్ట సవరణ మళ్ళీ ఈ కాగితానికి బలం ఇచ్చింది. ఆ రోజు గాని, తర్వాత గాని పుట్టినవారికి బడిలో చేరిక, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా, వివాహ నమోదు, ప్రభుత్వోద్యోగం, పాస్‌పోర్టు వంటివాటికి పుట్టిన తేదీ, స్థలం రుజువు ఇదే. 2025 ఫిబ్రవరిలో పాస్‌పోర్టు నిబంధనలను కూడా అందుకు తగ్గట్టు మార్చారు. అంతకుముందు పుట్టినవారికి పాత ప్రత్యామ్నాయాలు కొనసాగుతున్నాయి.

ఇంత ప్రాధాన్యం ఉన్నా ఇది భారత పౌరసత్వానికి దానికదే రుజువు కాదు. 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1కి ముందు వరకు ఇక్కడ పుట్టినవారు పుట్టుకతోనే పౌరులు. 1987 జూలై 1 నుంచి తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి రెండోవారు అక్రమ వలసదారు కాకూడదన్న షరతు కూడా చేరింది. కాబట్టి ఎక్కడ, ఎప్పుడు పుట్టారో చెప్పే కాగితం పౌరసత్వ ప్రశ్నకు సగం జవాబే ఇస్తుంది.

అమెరికా క్లోజ్డ్ లూప్ పద్ధతి

అమెరికాలో ఈ పత్రానికి ఎక్కువ విలువ రావడానికి కారణం ఆ దేశపు చట్ట చరిత్రలో ఉంది. 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణ అక్కడి నేల మీద పుట్టుకను పౌరసత్వంతో ముడిపెట్టింది. అందువల్ల అమెరికా రాష్ట్రం ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రం పౌరసత్వానికీ రుజువుగా చెల్లుతూ వచ్చింది. కెనడా, మెక్సికో, కరీబియన్ దీవులకు అమెరికన్లు దశాబ్దాల పాటు పాస్‌పోర్టు లేకుండానే వెళ్ళివచ్చారు.

2001 దాడుల తర్వాత ఈ పద్ధతి బిగిసింది. 2004 చట్టం ఆధారంగా పశ్చిమార్ధగోళ ప్రయాణ నిబంధనలు రూపొందాయి. విమాన ప్రయాణానికి 2007 జనవరి 23 నుంచి, నేల, సముద్ర మార్గాలకు 2009 జూన్ 1 నుంచి అవి అమలయ్యాయి. సముద్ర మార్గంలో ఒక మినహాయింపు మిగిలింది. ఓడ ఏ అమెరికా రేవు నుంచి బయలుదేరిందో పశ్చిమార్ధగోళంలో తిరిగి అదే రేవుకు చేరితే దాన్ని క్లోజ్డ్ లూప్ క్రూయిజ్ అంటారు. అందులో వెళ్ళే అమెరికా పౌరుడు జనన ధ్రువీకరణ పత్రం, ప్రభుత్వ ఫొటో గుర్తింపు రెండూ చూపి స్వదేశంలోకి రావచ్చు. 16 ఏళ్ళలోపు పిల్లలకు ఫొటో గుర్తింపు కూడా అక్కర్లేదు.

పెద్దవారికి ఫొటో గుర్తింపు తోడు ఎందుకంటే, ఈ పత్రం మీద బొమ్మ ఉండదు. అందులో రాసిన మనిషి, దాన్ని చూపుతున్న మనిషి ఒకరేనని ఆ కాగితం చెప్పలేదు. ఆసుపత్రివారు జ్ఞాపకంగా ఇచ్చే, పాదముద్రలున్న పత్రం ఈ పనికి చెల్లదు. ప్రభుత్వ నమోదు కార్యాలయం ఇచ్చినదే కావాలి. మోసాల కారణంగా ప్యూర్టోరికో 2010 జూలై 1కి ముందు జారీ చేసిన తన పత్రాలన్నిటినీ రద్దు చేసి కొత్తవి ఇచ్చింది.

ఇలాంటి చుట్టు ప్రయాణాలు ఇన్ని ఉండడానికి 1886 నాటి మరో అమెరికా చట్టం కారణం. విదేశీ జెండా ఉన్న ఓడ ఒక అమెరికా రేవు నుంచి మరో అమెరికా రేవుకు ప్రయాణికులను చేర్చకూడదని అది శాసిస్తుంది. పెద్ద క్రూయిజ్ నౌకలు చాలావరకు బహమాస్, పనామా వంటి దేశాల జెండాతో నడుస్తాయి. అందుకే అవి దారిలో ఒక విదేశీ రేవును తాకి, బయలుదేరిన చోటికే తిరిగివచ్చేలా యాత్రలు రూపొందిస్తాయి.

మినహాయింపుకు హద్దులున్నాయి. ఇది అమెరికాలోకి తిరిగి రావడానికి సంబంధించిన నియమం మాత్రమే. మధ్యలో తగిలే దేశం తన షరతు తాను పెట్టుకోవచ్చు. మార్టినీక్, గ్వాదలూప్ వంటి ఫ్రెంచి దీవులు తగిలే యాత్రలకు పాస్‌పోర్టు అడుగుతారు. ఓడ తప్పిపోయినా, జబ్బు చేసి మధ్యలో దిగినా ఇంటికి విమానంలో రావాలి. విమానానికి పాస్‌పోర్టు తప్పనిసరి కాబట్టి అక్కడ జనన ధ్రువీకరణ పత్రం పనిచేయదు. పాస్‌పోర్టు వెంట ఉంచుకోమని అధికారులు, ఓడ సంస్థలు సలహా ఇచ్చేది ఇందుకే.

ప్రవాస తెలుగు కుటుంబాలు

అమెరికాలో హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న తల్లిదండ్రులకు ఈ మినహాయింపు వర్తించదు. అమెరికాలో పుట్టిన బిడ్డ జనన ధ్రువీకరణ పత్రంతో ఓడ ఎక్కవచ్చు. తల్లికి, తండ్రికి భారత పాస్‌పోర్టు, తిరిగి ప్రవేశించేందుకు చెల్లుబాటయ్యే అమెరికా వీసా, ఓడ ఆగే దేశాలు కోరితే వాటి వీసా ఉండాలి. పాస్‌పోర్టులోని వీసా గడువు తీరినవారు కెనడా, మెక్సికోలకు మాత్రమే 30 రోజులు మించకుండా వెళ్ళి, కొన్ని షరతులతో తిరిగి రావచ్చు. కరీబియన్ దీవులకు ఆ వెసులుబాటు విద్యార్థుల ఎఫ్, ఎక్స్చేంజి సందర్శకుల జే వీసాల వారికే ఉంది, హెచ్1బీ వారికి లేదు. బహమాస్ ఓడ ఎక్కబోయే ముందు తెలుగు కుటుంబాలు చూసుకోవాల్సిన అసలు కాగితం బిడ్డది కాదు, తమది.

ఇదే కుటుంబానికి జనన ధ్రువీకరణ పత్రం మరో రెండు చోట్ల ఎదురవుతుంది. బిడ్డకు ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే) కార్డు కోసం అమెరికా పత్రం జతచేయాలి. తల్లిదండ్రుల గ్రీన్ కార్డు దరఖాస్తుకు వాళ్ళ సొంత జనన ధ్రువీకరణ పత్రం కావాలి. 1970లు, 80లలో కృష్ణా జిల్లా పల్లెల్లో ఇంటి దగ్గరే పుట్టినవారిలో చాలామందికి నమోదు లేదు. అలాంటప్పుడు స్థానిక రిజిస్ట్రారు నుంచి రికార్డు లభ్యం కాలేదన్న ధ్రువీకరణ తెచ్చి, పదో తరగతి సర్టిఫికెట్, తల్లిదండ్రుల, దగ్గరి బంధువుల అఫిడవిట్లు జోడిస్తారు. విదేశీ కార్యాలయాల కోసం పత్రాలపై వేయించే అపోస్టిల్ ముద్రను భారతదేశంలో విదేశాంగ శాఖ ఇస్తుంది. అపోస్టిల్ ఒప్పందం మన దేశంలో 2005లో అమల్లోకి వచ్చింది.

పాత ఓడల జాబితాలకూ ఇప్పుడు కొత్త పని వచ్చింది. మారిషస్‌లో ఏడో తరం వరకు భారత సంతతివారు ఓసీఐకి అర్హులని 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ప్రకటించారు. పూర్వీకుడు ఏ ఓడలో వచ్చాడో చూపడానికి మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రపరచిన వలస రికార్డులు ఆధారం. అక్కడి తెలుగు కుటుంబాలు ఆ రికార్డు నుంచి నేటి తరం వరకు జనన, వివాహ పత్రాలను గొలుసుగా చూపాలి.

వేటకు వెళ్ళేవారి పత్రాలు

గిలకలదిండి నుంచి మెకనైజ్డ్ బోట్లలో వెళ్ళేవారు వారం, అంతకు మించి కూడా సముద్రంలో ఉంటారు. వీరికి పాస్‌పోర్టు అక్కర్లేదు, ఎందుకంటే బయలుదేరిన తీరానికే తిరిగి వస్తారు. 2008 నవంబరు 26 ముంబయి దాడికి వచ్చినవారు ‘కుబేర్’ అనే చేపల బోటును వాడుకున్నారు. ఆ తర్వాత తీరమంతటా మత్స్యకారులకు బయోమెట్రిక్ గుర్తింపు కార్డులు ఇచ్చే పథకం మొదలైంది. బోటుకు రిజిస్ట్రేషన్, వేట లైసెన్సు, మనిషికి కార్డు, ఆధార్ ఉన్నాయో లేదో మత్స్యశాఖ, మెరైన్ పోలీసులు చూస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధకాలంలో ఇచ్చే భృతికీ ఇవే ఆధారం.

ఇంజను చెడి బోటు కొట్టుకుపోతేనో, హద్దు తెలియక దాటితేనో ఈ కార్డుల బలం, బలహీనత రెండూ బయటపడతాయి. 2018 చివరలో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్ళిన ఆంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుంది. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా మీదుగా విడుదలయ్యారు. ఇలాంటివారు భారతీయులేనని దౌత్య కార్యాలయం తేల్చాకే తిరుగు ప్రయాణం సాధ్యమవుతుంది. ఖైదీల జాబితాలను రెండు దేశాలు 2008 ఒప్పందం ప్రకారం జనవరి 1న, జూలై 1న మార్చుకుంటాయి. సొంతూరి నుంచి వెళ్ళే రేషన్ కార్డు, ఆధార్, జనన నమోదు వంటివి ఆ విచారణకు పనికొస్తాయి. పాస్‌పోర్టు లేనివారు స్వదేశం రావడానికి భారత ప్రభుత్వం ఒకే ప్రయాణానికి చెల్లే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది.

వాణిజ్య నౌకల్లో, క్రూయిజ్ నౌకల్లో ఉద్యోగం చేసేవారి సంగతి వేరు. వారికి పాస్‌పోర్టుతో పాటు నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే సీడీసీ (నావికుడి ఉద్యోగ రికార్డు) పుస్తకం ఉండాలి. నావికుల గుర్తింపు పత్రాలపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2003లో చేసిన 185వ ఒప్పందాన్ని భారతదేశం 2015లో ఆమోదించింది. అందుకు అనుగుణంగా బయోమెట్రిక్ నావిక గుర్తింపు పత్రం వచ్చింది.

పేర్లు, దిద్దుబాట్లు

తెలుగువారి పత్రాల్లో ఎక్కువగా చిక్కు పెట్టేది పేరు. పుట్టిన వెంటనే నమోదు జరుగుతుంది, బారసాల తర్వాత గాని పేరు తేలదు. అందువల్ల పేరు లేకుండానే నమోదు చేసి తర్వాత చేర్చే వీలు చట్టంలో ఉంది. నమోదైన 12 నెలల్లోపు ఉచితంగా, తర్వాత 15 ఏళ్ళ వరకు ఆలస్య రుసుంతో చేర్చవచ్చు. ఇంటిపేరు ముందా వెనకా, పూర్తిగానా పొడి అక్షరమా, తల్లి పేరు పుట్టింటిదా అత్తింటిదా అన్న తేడాలు పత్రానికి, పాస్‌పోర్టుకు మధ్య పొసగనివ్వవు. తప్పులను దిద్దే అధికారం రిజిస్ట్రారుకు ఉంది. రికార్డులో పాత రాతను చెరపకుండా పక్కన సవరణ రాసి సంతకం చేస్తారు.

ఆధార్ నుంచి పాస్‌పోర్టు వరకు తర్వాతి కాగితాలన్నీ పుట్టినతేదీని, పేరును ఈ పత్రం నుంచే తీసుకుంటున్నాయి. అందువల్ల 2023 అక్టోబరు తర్వాత పుట్టిన బిడ్డల తల్లిదండ్రులు పాస్‌పోర్టు దరఖాస్తు దాకా ఆగకుండా, పత్రం చేతికి అందిన రోజే ప్రతి అక్షరం సరిచూసుకోవడం మేలు. మొదటి నమోదులో తప్పును సచివాలయంలో ఒక అర్జీతో దిద్దించవచ్చు. అదే తప్పు నాలుగు కాగితాల్లోకి పాకాక నాలుగు కార్యాలయాలు తిరగాలి.